రుమాలు కింద గొంతు

"పసుపు రానీ, పోనీ, ఈ గోదాం పిల్లలదే. నా కంఠంల ప్రాణం ఉన్నన్ని దినాలు వీళ్ల చాపలు ఎవడూ ఎత్తడు."

1948 నవంబరులో, ఆర్మూరు పసుపు అంగడి నడిబొడ్డున, మెడలో మూడు బంతిపూల దండలతో సేటు వెంకటరాజం అన్న మాట ఇది. నైజాం పాలన పోయి అప్పటికి రెండు నెలలు. ఎవరేమన్నా జనం చప్పట్లు కొట్టే రోజులు. ఆ చప్పట్లు ఊరి పక్క గుట్ట మీది నల్లరాళ్లకు తగిలి మళ్లీ అంగట్లోకే వచ్చాయి. కొత్త యుగం మొదలైందని అందరూ అనుకున్నారు. పాత దండలే కొత్త మెడలకు పడుతున్నాయని ఎవరూ అనుకోలేదు.

సేటు గోదాం అంగడికి తూర్పు కొసన ఉండేది. పసుపు రాని నెలల్లో అందులో ఎలుకలు, ఖాళీ గోనెసంచులు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు పదకొండుమంది పిల్లలు చేరారు. కొందరి ఊళ్లు సెప్టెంబరుకు ముందు తగలబడ్డాయి. కొందరి తండ్రులు సెప్టెంబరు తర్వాత ఇంటికి తిరిగి రాలేదు. ముందు వాళ్లు, తర్వాత వాళ్లు అని వాళ్లను వేరుచేసి కూర్చోబెట్టడానికి పంతులు గంగాకిషన్ ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్లవాడు, చదువు మధ్యలో వదిలి, సంచి నిండా కరపత్రాలతో వచ్చినవాడు. మొదటిరోజే గోడ మీద బొగ్గుతో "ఆకలికి మతం లేదు" అని రాశాడు.

గంజి కాచే శాంతవ్వ అది చదివించుకుని విన్నది. "ఉప్పు గూడ లేదు సారూ. జర తెచ్చిపెట్టు" అంది.

పొద్దున్నే గంజి. తర్వాత పలకలు. జైనబ్ అనే తొమ్మిదేళ్ల పిల్ల తలుపుకు వీపు పెట్టి కూర్చోలేకపోయేది. అందుకని పదకొండుమందీ గోడకానుకుని ఒకే వరసన కూర్చునేవాళ్లు, పంతులు ఒక్కడే తలుపుకు వీపు పెట్టుకునేవాడు. హన్మండ్లు రొట్టెలో సగం తిని సగం అంగీలో దాచుకునేవాడు. ఎందుకురా అని ఎవరూ అడగలేదు. శాంతవ్వ మాత్రం వాడి అంగీకి లోపల ఒక జేబు కుట్టిచ్చింది.

ఇక ముత్తెమ్మ. పద్నాలుగేళ్లు. ఊరు తగలబడ్డ నాడు వాళ్లమ్మ ఆమెను కల్లంలోకి తీసుకుపోయి, పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి బోర్లించి దాని కింద కూర్చోబెట్టింది. "నేనొచ్చి చెప్పేదాకా నోరు తెరవకు బిడ్డా" అంది. తల్లి రాలేదు. రెండోనాడు ఎవరో కడాయి ఎత్తారు. ముత్తెమ్మ బయటికి వచ్చింది, నోరు మాత్రం తెరవలేదు. తల్లి వచ్చి చెప్పలేదు కదా మరి.

నోట్లో చోటు లేని గొంతు చేతిలోకి దిగింది. ఆమె కుడిచెయ్యి పట్టుకుని పైన ఒక గుడ్డ కప్పితే చాలు, మాట పట్టుకున్నవాళ్ల మోచేతి మీదుగా పాకి చెవిలో వినపడేది. ఎండ తగిలితే వినపడేది కాదు. ఎడమ చేతిలోనూ కొంత ఉండేది గాని, "గా చెయ్యి పట్టకుండ్రి, పడిశం పట్టినట్టు వినొస్తది" అని శాంతవ్వ కొత్తవాళ్లకు ముందే చెప్పేది.

ఆ సంగతి మొదట కనిపెట్టింది భోజన్న. అంగట్లో నలభై ఏళ్లుగా దలాలు. పసుపు అంగట్లో ధర నోటితో చెప్పరు. కొనేవాడు, అమ్మించేవాడు ఒక రుమాలు కింద చేతులు కలుపుతారు, బేరమంతా వేళ్లతోనే. పైకి నోటితో ఎంతైనా అరవొచ్చు, అది పక్కవాణ్ణి తప్పుదోవ పట్టించడానికి. రుమాలు కింద చెయ్యి బిగిస్తే సరే. అరచేతిలో రెండుసార్లు తడితే కాదు. ఈ రెంటిలో ఒకటి చెప్పకుండా చెయ్యి తియ్యకూడదు. ఒకసారి బిగించిన చేతిని కాదన్నవాడు ఆ అంగట్లో అప్పటిదాకా లేడు.

ముత్తెమ్మ వచ్చిన కొత్తలో రొట్టె ఇచ్చినా అందుకునేది కాదు. భోజన్న ఆమెకు కొంచెం దూరంగా కూర్చుని, పసుపు మరకలున్న తన ఎర్ర రుమాలు మధ్యలో పరిచి, దాని కింద చెయ్యి పెట్టాడు. ఒక పెద్ద వ్యాపారి ముందు ఎలా కూర్చుంటాడో అలాగే. మూడోరోజు రుమాలు రెండో కొస కదిలింది.

"నువ్వు దొంగవా?" అని వినపడింది ఆయనకు.

"దలాలును బిడ్డా. జర తేడా ఉంటది" అన్నాడు భోజన్న.

గంగాకిషన్‌కు ఇది చాలలేదు. గొంతెత్తని జాతికి విముక్తి లేదని అతని సంచిలోని కాగితాలన్నీ చెబుతున్నాయి. జనవరిలో ఒకరోజు పొద్దున ముత్తెమ్మను బల్ల మీద నిలబెట్టాడు. "ముత్తెమ్మా, నిన్ను మూగదాన్ని చేసినోళ్ల రాజ్యం పోయింది. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి" అన్నాడు. పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

ముత్తెమ్మ బల్ల దిగి, శాంతవ్వ గంజి కాచే పెద్ద గంగాళం బోర్లించి దాని కింద దూరింది.

పంతులు ఒకవైపు, శాంతవ్వ ఇంకోవైపు పట్టి లాగినా గంగాళం లేవలేదు. భోజన్నకు కబురు వెళ్లింది. ఆయన వచ్చి, చెప్పులు విప్పి, గంగాళం పక్కన చతికిలబడ్డాడు. రుమాలు కొసను అంచు కిందికి తోసి తన చెయ్యి దాని కింద పెట్టి ఊరుకున్నాడు. అంబటివేళ దాటింది. జక్రాన్‌పల్లి వడ్ల బండ్లు వచ్చి ఎడ్లు విప్పుకున్నాయి. పరుగు పరుగున వచ్చి పిలిచిన ఇద్దరు బేరగాళ్లను భోజన్న కళ్లతోనే పొమ్మన్నాడు.

చివరికి రుమాలు కదిలింది.

"పంతులు ఉన్నడా?"

"ఉన్నడు. ఏడ్వబట్టె" అన్నాడు భోజన్న.

"ఏడ్వద్దను" అని వినపడింది. గంగాళం దానంతటదే లేచింది.

ఆ సాయంత్రం గంగాకిషన్ భోజన్న వెనకాలే బజారుదాకా నడిచాడు. "నేను తప్పు చేసిన కాకా. కని ఎట్ల మరి? గిట్లనే ఊకుండాల్నా?"

"ఊకుండుడు గాదు సారూ. నలభై ఏండ్లల్ల నేను ఎవ్వలి చెయ్యి గుంజలే. నా చెయ్యి సాపి కూసుంట. అవతలి చెయ్యి అచ్చినప్పుడు అస్తది. రాకపోతే రేపు మల్ల కూసుంట."

"చరిత్ర ఆగదు కాకా."

"ఆగకుంటె పోనియ్యి. పిల్లలను ఎనకనే తీస్కరా."

మర్నాటి నుంచి గోదాంలో రోజూ మధ్యాహ్నం రుమాలు పాఠం మొదలైంది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు అడగాలి, ఇంకొకరు బిగించాలి లేదా తట్టాలి. ఎవరూ చూడరు, ఎవరూ నవ్వరు, జవాబు వచ్చేదాకా ఎవరూ తొందరపెట్టరు. ఈ పిల్లల బతుకులో ఇంతవరకు ఎవరూ వాళ్లను అడిగి ఏదీ చెయ్యలేదు. కాదు అనే హక్కు కాగితాల మీద లోకమంతటికీ ఉంది, వాళ్ల అరచేతుల్లోకి వచ్చింది మాత్రం అప్పుడే. జైనబ్ వారం రోజులు ఏది అడిగినా కాదనే తట్టింది. ఎనిమిదో రోజు, తలుపు పక్కన కూర్చుంటావా అని హన్మండ్లు అడిగితే బిగించింది. ఫిబ్రవరి వచ్చేసరికి వాడి లోపలి జేబులో రొట్టె బదులు బలపం ఉంటోంది. ముత్తెమ్మ చిన్నపిల్లలకు ఓనమాలు రుమాలు కిందనే నేర్పుతోంది. ఆమె దగ్గర నేర్చుకున్న అక్షరం మర్చిపోయినవాళ్లు లేరు.

బడి పండుతోంది. అప్పుడే పసుపు కూడా పండింది.

ఫిబ్రవరి మూడోవారంలో ఆలూరు దారి బండ్లతో నిండిపోయింది. అంగడి నేలంతా పచ్చని కుప్పలు. గాలి పీలిస్తే గొంతు పచ్చబడేంత వాసన. ఆ సోమవారం పొద్దున వెంకటరాజం హమాలీలు గోదాంలోకి వచ్చి చాపలు చుట్టి బయట ఎండలో పడేశారు. పదకొండు పలకలు వాటి మీద పెట్టారు. "ఆకలికి మతం లేదు" అన్న గోడకు ఆనించి బస్తాలు పేర్చారు. మూడో వరస పడేసరికి అక్షరాలు కనపడలేదు.

వెంకటరాజం పిల్లలకు ఇంకో దారి చూపించాడు. ఇంటికి ఒకరు. తిండి, బట్ట, పండుకోను జాగా. వర్తకులు అప్పటికే పంచుకున్నారు కూడా. జైనబ్ బీడీల కార్ఖానాకు, హన్మండ్లు కమీషను మీద సరుకు అమ్మే ఒక అడ్తి దుకాణానికి. ముత్తెమ్మ ఆలూరులో వెంకటరాజం చేనుకు, పసుపు ఉడకబెట్టే కడాయిల దగ్గరికి. దీనికి వాళ్లు దయ అని పేరు పెట్టారు. మొన్నటిదాకా దాని పేరు వెట్టి.

గంగాకిషన్ మండిపోయి అంగట్లోకి నడిచాడు. "చదువు భిక్ష కాదు సేటూ, హక్కు. నలుగురిల మాటిచ్చినవు. గీ అంగడి అంగడంత ఇన్నది."

వెంకటరాజం కోపం తెచ్చుకోలేదు. అందుకే గంగాకిషన్‌కు ఇంకా మండింది.

"ఇచ్చిన. లేదన్ననా సారూ? నోటితోటి ఇచ్చిన" అన్నాడు వెంకటరాజం. "నోటితోటి పొద్దుమాపు ఎన్ని అంట. రుమాలు కింద ఇచ్చిన్నా?"

చుట్టూ ఉన్న వర్తకులు నవ్వారు. నవ్వని వాడు భోజన్న ఒక్కడే.

"కాకా, నువ్వన్న చెప్పు. గిది అన్యాయం గాదా?"

"అన్యాయమే. కని ఆయన అన్నది అంగడి కాయిద, అంగడి కట్టుబాటే" అన్నాడు భోజన్న. "మనం రుమాలు కింద అడగలే. గది మన తప్పు. కాయిద తెలిసి గూడ ఉత్త సప్పట్లు కొట్టినం."

ముత్తెమ్మ ఎండలో చాపల పక్కన నిలబడి అంతా విన్నది. ఆలూరు అన్న మాటా విన్నది, కడాయిలన్న మాటా విన్నది. వచ్చి భోజన్న భుజం మీది రుమాలు తీసుకుంది. వెంకటరాజం ఎదురుగా, పసుపు కుప్ప మీద దాన్ని పరిచి, కింద చెయ్యి పెట్టి నిలబడింది.

ఆడపిల్ల ఆ అంగట్లో రుమాలు పరచడం అదే మొదటిసారి. నవ్వులు ఆగిపోయాయి. పిలిచిన చేతికి చెయ్యి ఇవ్వకపోతే పరువు పోతుంది. వెంకటరాజం ఉంగరాలు సర్దుకుని, "చూద్దాం, ఏం బేరం పెడ్తదో" అంటూ చెయ్యి పెట్టాడు.

ఆమె ఏం చెప్పిందో ఆ తర్వాత ఊరంతటికీ తెలిసింది. "మా అవ్వ నోరు తెరవకన్నది సేటూ. ఇయ్యాల్టిదాకా తెరవలే. మాటంటే గట్ల ఉంటది. బడి ఏది?"

వెంకటరాజం ముఖం పాలిపోయింది. బిగిస్తే గోదాం పోతుంది. తడితే, అంగడి ముందు ఇచ్చిన మాటను తనే కాదన్నవాడవుతాడు. రెండూ చెయ్యకుండా, వేడిగిన్నె ముట్టినవాడిలా చెయ్యి లాక్కున్నాడు.

అంగట్లో ఎవరూ ఎన్నడూ చెయ్యని తప్పు అది. జవాబు లేకుండా తీసిన చేతితో పాటే ముత్తెమ్మ గొంతు కూడా వెళ్లిపోయింది.

మొదట తెలిసింది నిజామాబాదు బేరగాడికి. ఆ మధ్యాహ్నమే వెంకటరాజంతో రుమాలు కింద చెయ్యి కలిపాడు. వేలు పట్టుకోగానే చెవిలో ఒక పిల్ల అడిగింది. "బడి ఏది?"

అతను చెయ్యి నెమ్మదిగా తీసి తుడుచుకున్నాడు. "నీ చేతిల ఇంకో బేరం నడుస్తున్నది గద సేటూ. గది తెంపినంక నా దగ్గరికి రా" అన్నాడు.

ఆ తర్వాత వచ్చినవాడూ అదే అన్నాడు. ఎవరూ వింతపడలేదు, విసుక్కున్నారు. ఒక బేరం తెగకుండా ఇంకో బేరం పెట్టకూడదన్నది అక్కడ పిల్లలకు కూడా తెలిసిన సంగతి. వెంకటరాజం ఎడమ చెయ్యి పెట్టి చూశాడు. "అందుల గూడ ఉన్నది, పడిశం పట్టినట్టు" అన్నాడు అవతలివాడు. చేతులు కట్టుకుని కూర్చున్న వెంకటరాజం ముందు నుంచి ఆలూరు బండ్లు, అంకాపూర్ బండ్లు పక్క దుకాణాలకు మళ్లిపోయాయి. నిండు సీజనులో గోదాం నిండా బస్తాలు పెట్టుకుని ఒక్క బేరం చెయ్యలేని సేటు ఆర్మూరులో అతనొక్కడే.

ఇటు ముత్తెమ్మ చేతిలో ఏమీ మిగల్లేదు. భోజన్న రుమాలు కప్పి పట్టుకుంటే నాడి కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినపడలేదు. చింతచెట్టు కింద చాపలు పరిచి బడి నడుస్తూనే ఉంది. ఆమె ఒక్కొక్కరి వేలు పట్టి మట్టిలో అక్షరం దిద్దిస్తోంది, మాట లేకుండా.

"నోట్ల లేకపాయె, చేతిల లేకపాయె" అంది శాంతవ్వ కళ్లు తుడుచుకుంటూ. "గంతగనం ఎందుకిచ్చినవే పిల్లా ఆనికి?"

గంగాకిషన్ ఈసారి ఒక్క నినాదం కూడా అనలేదు. ముత్తెమ్మ పక్కన కూర్చుని, భోజన్న చెప్పినట్టే చెయ్యి చాపి ఊరుకున్నాడు. రోజూ అలాగే కూర్చున్నాడు. నాలుగోరోజు ఆమె అతని అరచేతిలో, బడిలో నేర్చిన అక్షరాలతో వేలితో రాసింది. భయమైతున్నది.

"నాకు గూడ" అన్నాడు గంగాకిషన్.

మార్చి అయిదు, శనివారం. ఎండ చుర్రుమంటుండగా వెంకటరాజం బండి కట్టించుకుని చింతచెట్టు దగ్గరికి వచ్చాడు. పిల్లను ఆలూరుకు పంపేస్తే చేతిలో గొంతు కూడా ఆమె వెంట పోతుందని ఎవరో చెప్పారు.

"ఎక్కు బిడ్డా. ఆడ తిండికి కొదవ లేదు" అన్నాడు.

పిల్లలు లేచి నిలబడ్డారు. జైనబ్ ముత్తెమ్మ కొంగు పట్టుకుంది. అంగట్లో బేరాలు ఆగిపోయి జనం చుట్టూ మూగారు. భోజన్న తాపీగా భుజం మీది రుమాలు తీసి ముత్తెమ్మకు ఇచ్చాడు.

"నువ్వు అడిగిన బేరం బిడ్డా. నువ్వే తెంపుకో" అన్నాడు. ఆ తర్వాత సేటు వైపు తిరిగాడు. "జవాబు చెప్పి పిల్లను తీస్కపో సేటూ. చెప్పకుండ తీస్కపోతే, నీ చెయ్యి ఎప్పటికి గట్లనే ఉంటది."

వెంకటరాజం చుట్టూ చూశాడు. పన్నెండు రోజులుగా తనతో చెయ్యి కలపని ముఖాలే అన్నీ. రుమాలు కింద చెయ్యి పెట్టాడు.

ముత్తెమ్మ ఆ చేతిని పట్టుకుంది. తడిగా ఉంది. వణుకుతోంది. ఆ వణుకు ఆమెకు బాగా తెలుసు. కడాయి కింద, చీకట్లో, రెండు మోకాళ్ల మధ్య పట్టుకున్న తన చేతులు అచ్చం ఇలాగే వణికాయి. ఇన్ని నెలల్లో అది ఇంకొకరి చేతిలో తగలడం ఇదే మొదలు. తన చెయ్యి చూసుకుంది. అది కదలకుండా ఉంది.

"సీజన్ అయిపోనియ్యి. తర్వాత చూస్త" అన్నాడు వెంకటరాజం నోటితో.

ఆమె అతని అరచేతిలో రెండుసార్లు తట్టింది. కాదు.

గొంతు తిరిగి రావడం పక్కన నిలబడ్డవాళ్లకు కనపడింది. ఆమె ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి, భుజం కదిలింది, మెడ దగ్గర ఒక నరం ఉబ్బింది. మొదట దగ్గు వచ్చింది. మసి, పసుపు కలిసిన పొడి పొడి దగ్గు. శాంతవ్వ నీళ్ల చెంబు అందించింది. ముత్తెమ్మ ఒక గుక్క తాగి, చుట్టూ ఉన్నవాళ్లను కాకుండా దూరంగా, తన ఊరు ఉన్న వైపు చూసింది.

"అవ్వా, నేను బయటికి అచ్చిన" అంది, నోటితో.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్ల సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. బండివాడు అడగకుండానే ఎడ్లను వెనక్కి మళ్లించాడు. ఖాళీ బండి ఆలూరు దారి పట్టింది.

వెంకటరాజం అరచెయ్యి చూసుకున్నాడు. గొంతు వెళ్లిపోయింది గాని ప్రశ్న ఇంకా అక్కడే ఉంది, చీమలా మెదులుతూ.

"జవాబుకు ఎప్పటిదాకా గడువు?" అని అడిగాడు. పెద్ద వ్యాపారిని అడిగే గొంతుతోనే అడిగాడు.

ముత్తెమ్మ వేళ్లతో చెప్పలేదు. రుమాలు తీసి, దులిపి, తన భుజం మీదే వేసుకుంది. భోజన్న దాన్ని తిరిగి అడగలేదు. అప్పుడు ఆమె అంగడి ఆ కొస దాకా, పసుపు కుప్పల అవతల ఎడ్లు తల ఎత్తేదాకా వినపడేట్టు చెప్పింది. హన్మండ్లు లోపలి జేబులోంచి బలపం తీసి, పరుగెత్తుకెళ్లి, గోదాం తలుపు మీద తనకొచ్చిన అక్షరాలతో దాన్ని రాశాడు.

గోదాం ఇస్తవా, ఇయ్యవా. జవాబు 1949 మార్చి 15, మంగళవారం, పొద్దు గూకే లోపల.